సూర్యాపేట తాలూకాలో ఒక జీవితకాలం

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతంలో 1930 దరిదాపుల్లో పుట్టి తొంభై ఏళ్ళ దాకా బతికిన మనిషి, పుట్టిన ఊరు విడవకుండానే, నిజాం సంస్థానంలోనూ, సైనిక గవర్నరు పాలనలోనూ, హైదరాబాద్ రాష్ట్రంలోనూ, ఆంధ్రప్రదేశ్‌లోనూ, తెలంగాణలోనూ కాపురం చేసినవాడవుతాడు. ఈ అయిదు ఏలుబడులు ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిశాయో పాఠ్యపుస్తకాలు చెబుతాయి; ఆ మనిషి బతుకులోని మలుపులు కూడా ఆ తేదీల దగ్గరే ఉన్నాయా అన్నది మాత్రం వేరే ప్రశ్న, ఈ ఉపన్యాసం విచారించదలచినది ఆ ప్రశ్ననే. గింజ, కాగితం, నీరు అనే మూడు దారుల్లోనే రాజ్యంలో వచ్చిన మార్పు సామాన్యుని గడప దాకా చేరిందనీ, అది చేరిన సంవత్సరం ఊరిని బట్టి, కులాన్ని బట్టి, ఆడ మగ తేడాను బట్టి వేరువేరుగా ఉందనీ ఇక్కడ చేస్తున్న ప్రతిపాదన.

ఇటువంటి మనిషి కథ రాయబోతే మొదటి చిక్కు పుట్టిన తేదీ దగ్గరే వస్తుంది. సంస్థానపు పల్లెల్లో జనన నమోదు నామమాత్రం కావడంతో వయసును సంఘటనలతో కొలిచేవారు. రజాకార్ల, అంటే నిజాం పక్షపు సాయుధ ముఠాల, నాటికి గొడ్లు కాసే ఈడు అనో, పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఏడు లగ్గమైందనో చెప్పుకునేవారు. సర్కారు కాగితాల్లో నడిచింది ఫసలీ సంవత్సరం, అంటే పంటల లెక్కకూ శిస్తు వసూలుకూ అనువుగా ఏర్పడిన పంచాంగం. దానికి 590 కలిపితే ఇంచుమించుగా క్రీస్తుశకం వస్తుంది. ఈ తరం వారిలో ఎందరికో ఆధార్ కార్డు మీద జనవరి 1 పుట్టినరోజుగా కనిపించడానికి కారణం, తేదీ తెలియనప్పుడు అంచనా వయసు నుంచి సంవత్సరాన్ని లెక్కగట్టి ఆ రోజును వేయడమే. 1941–51 దశాబ్దంలో భారతదేశపు సగటు ఆయుర్దాయం సుమారు 32 ఏళ్ళు కాబట్టి, ఎనభై తొంభై ఏళ్ళు దాటి తన కథ చెప్పుకోగలిగిన మనిషి ఆ తరంలో అరుదైన మనిషి. ఆ కథను వింటున్నవారు చెప్పకుండానే పోయినవారిని కూడా లెక్కలో ఉంచుకోవలసి ఉంటుంది.

ఈ కాలాన్ని కొలవడానికి చేతికి అందే నమ్మకమైన కొలబద్ద మల్లు స్వరాజ్యం జీవితం. నాటి సూర్యాపేట తాలూకాలో, నేటి తుంగతుర్తి మండలంలో ఉన్న కరివిరాల కొత్తగూడెంలో, 1931లో భూస్వామ్య కుటుంబంలో పుట్టిన ఆమె 2022 మార్చి 19న హైదరాబాదులో కన్నుమూశారు. తెలంగాణ సాయుధ పోరాట దళాల్లో పనిచేసి, తల మీద పది వేల రూపాయల వెల కట్టించుకుని, తరవాత శాసనసభ్యురాలైన ఆమెను సామాన్యురాలని అనలేము. ఆమె బతుకు నమోదైందంటే దానికి ఆ అసామాన్యతే కారణం. అయితే పది పదకొండేళ్ళ వయసులో, ఆంధ్ర మహాసభ పిలుపు విని, తమ ఇంటి వడ్లను తమ వద్ద వెట్టి చేసే కూలీలకు ఆమె కొలిచి పోసినప్పుడు, ఆ గింజలకు ఒడి పట్టిన మనుషులు కూడా అక్కడ ఉన్నారు. వారికీ అవే ఏళ్ళు, అదే తాలూకా, అవే పాలకులు. వారి పేర్లు మాత్రం చరిత్ర పుస్తకాలకు ఎక్కలేదు. ఈ లోటును గుర్తించి స్త్రీశక్తి సంఘటన 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ అనే పేరుతో తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మౌఖిక కథనాలను, అంటే వారే నోటితో చెప్పగా రాసుకున్న జీవితకథలను, ప్రచురించడం తెలుగులో చరిత్ర రచనకు పెద్ద మేలు చేసింది. నాయకుల స్మృతుల్లో కనబడని ఆకలి, కాన్పు, భయం, ఉద్యమం ముగిశాక ఇంటికి తిరిగిరావలసి వచ్చినప్పటి వెలితి ఆ పుస్తకంలో ఉన్నాయి.

స్వరాజ్యం చేసిన ఆ పని బరువు తెలియాలంటే గింజ చుట్టూ అల్లుకున్న వ్యవస్థ తెలియాలి. సంస్థానంలో భూములు మూడు తీరులుగా ఉండేవి: సర్కారుకు నేరుగా శిస్తు చెల్లే దివానీ, నిజాం సొంత ఖర్చులకు ఉద్దేశించిన సర్ఫేఖాస్, ప్రభువుకు చేసిన సేవకు బదులుగా ఇచ్చిన జాగీరు. వీటిలో దివానీ గ్రామాల్లో సైతం, ఒకప్పుడు శిస్తు వసూలు చేసిపెట్టిన దేశ్‌ముఖులు, ఆ అధికారం పోయినా, కాగితాల మీద పట్టు పోకపోవడంతో విస్తారమైన భూములకు పట్టాదారులయ్యారు. సూర్యాపేట తాలూకా ఎర్రపాడు దేశ్‌ముఖు జన్నారెడ్డి ప్రతాపరెడ్డి కుటుంబానికి లక్షన్నర ఎకరాలు ఉండేవని పుచ్చలపల్లి సుందరయ్య రాశారు. ఇటువంటి దొరల గడీల, అంటే కోటల్లాంటి ఇళ్ళ, కింద వెట్టి, అంటే కూలి లేకుండా కులాన్ని బట్టి చేసితీరవలసిన చాకిరి, సర్కారు కాగితం మీద నిషేధించిన తరవాత కూడా నడిచింది. చాకలి బట్టలుతికి నీళ్ళు మోయాలి, మాదిగ చెప్పులూ మోటబొక్కెనలూ కుట్టివ్వాలి, కుమ్మరి కుండలివ్వాలి, గొల్ల గొర్రెను అప్పగించాలి. విత్తే వేళకు గింజలు లేని రైతు తీసుకునే నాగు అప్పు, పంట చేతికి రాగానే సగం అదనంగా కలిపి తీర్చవలసిన ధాన్యపు బాకీ. పంట పోయిన ఏడు అది పెరుగుతూ పోయి, చివరికి ఇంట్లో ఒక పిల్లవాణ్ణి దొర దగ్గర జీతానికి పెట్టించేది. ఈ ఏర్పాటులో గింజ అప్పుగానో దయగానో తప్ప హక్కుగా ఎన్నడూ చేతికి రాదు. భూస్వామి ఇంటి ఆడపిల్ల వడ్లు కొలిచి కూలిగా ఇవ్వడం అక్కడ కలకలం పుట్టించిందంటే అందుకే.

రెండో ప్రపంచ యుద్ధం ఈ పల్లెలకు లెవీ రూపంలో వచ్చింది. లెవీ అంటే సర్కారు నిర్ణయించిన ధరకు నిర్ణయించినంత ధాన్యాన్ని తప్పనిసరిగా అప్పగించడం. పెద్దవారి గాదెలను వదిలిపెట్టి చిన్న రైతుల కల్లాల మీద పడిన లెవీ వసూలు, ఎక్కడో ఐరోపాలో జరుగుతున్న యుద్ధానికీ ఇక్కడి ఆకలికీ లంకె వేసింది. 1944లో భువనగిరిలో జరిగిన ఆంధ్ర మహాసభ, రావి నారాయణరెడ్డి అధ్యక్షతన, సామాన్య రైతులకు తలుపు తెరిచిన తరవాత మహాసభ పల్లెల్లో ‘సంగం’గా మారింది. వెట్టి చేయబోమనీ, నాగు తీర్చబోమనీ, లెవీ ముందుగా దొర గాదె నుంచి తీయాలనీ సంగం చెప్పిన రోజే ఒక కూలివాడి జీవితంలో మొదటి మలుపు. ఏ గెజిట్‌లోనూ లేని ఆ తేదీ ఒక్కో ఊళ్ళో ఒక్కో ఏడు పడింది.

కోదాడ వైపు వచ్చేసరికి కథ మరొక తీరుగా నడుస్తుంది, దానికి కారణం మునగాల పరగణా. నాలుగు వైపులా నిజాం భూభాగం ఉండగా మధ్యలో మద్రాసు రాష్ట్రపు కృష్ణా జిల్లాకు చెందిన జమీందారీగా మిగిలిన ఈ చిన్న పరగణా, ఇరుగుపొరుగు ఊళ్ళ మనుషులను రెండు రాజ్యాల మనుషులను చేసింది. కోదాడ రైతు తన చుట్టాలను చూడడానికి మునగాల పోతే అక్కడ చెల్లేది కలదారు, అంటే బ్రిటిష్ రూపాయి. అతని మొలలో ఉన్నది హాలీ సిక్కా, అంటే నిజాం నాణెం, ఏడు హాలీ రూపాయలకు ఆరు కలదారు రూపాయలు మారకం. దాటేచోట కరోడ్‌గిరీ నాకా, అంటే సరుకుల మీద సుంకం వసూలుచేసే చౌకీ. ఇవతల కచేరీ భాష ఉర్దూ, అవతల తెలుగు, ఇంగ్లీషు. మునగాల రాజా నాయని వెంకట రంగారావు, ఆయన దివానుగా ఉన్న కొమర్రాజు లక్ష్మణరావు హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయానికీ (1901), విజ్ఞాన చంద్రికా మండలికీ (1906) ప్రాణం పోసిన సంగతి ప్రసిద్ధమే. అదే జమీందారీలో రైతులు శిస్తుల మీద, వెట్టి మీద 1930లలో పోరాడవలసి వచ్చిందన్న సంగతి కూడా ఆ కీర్తి పక్కనే రాయవలసినది. తెలుగు గ్రంథాలయానికి వెళ్ళిన డబ్బు ఆ రైతుల కల్లాల నుంచే వచ్చింది. తరవాతి దశాబ్దంలో నిజాం పోలీసులకు అందకుండా తలదాచుకునేవారికి ఈ సరిహద్దే ఆసరా అయింది. రాజ్యాల సరిహద్దు సామాన్యుడికి అడ్డుగానూ, అండగానూ, ఒకే జీవితంలో రెండు విధాలుగానూ పనిచేసిందనడానికి ఇంతకన్నా మంచి నిదర్శనం దొరకదు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక పరగణా నల్లగొండ జిల్లాలో కలిసి, ఆ గీత చెరిగిపోయింది.

1946 జూలై 4న కడవెండిలో సంగం కార్యకర్త దొడ్డి కొమరయ్య మరణం, 1947 సెప్టెంబరు 11న సాయుధ పోరాటానికి ఇచ్చిన పిలుపు, రజాకార్ల దాడులు తెలిసిన కథే. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం సంస్థానంలోకి అడుగుపెట్టినప్పుడు, అంటే పోలీసు యాక్షన్‌లో, విజయవాడ వైపు నుంచి వచ్చిన బలగం కోదాడ, సూర్యాపేటల మీదుగా నడిచింది. వెనుదిరుగుతున్న నిజాం సేన మూసీ మీద వంతెనను పేల్చివేసినా, దాన్ని త్వరలోనే బాగుచేసుకుని సైన్యం ముందుకు సాగింది. 17న నిజాం లొంగిపోయాడు. పాఠ్యపుస్తకానికి అక్కడితో అధ్యాయం ముగుస్తుంది. సంగం పంచిన భూమిని ఒకటి రెండు పంటలు దున్నుకున్న కూలికి మాత్రం అసలు పరీక్ష అప్పుడే మొదలైంది. సైన్యం వెంట గడీలకు తిరిగివచ్చిన దొరలు ఆ భూములను అనేక ఊళ్ళలో తిరిగి లాక్కున్నారు. దళాల కోసం సాగిన గాలింపుల్లో పల్లెలకు పల్లెలు నిర్బంధం చవిచూశాయి. 1951 అక్టోబరు 21న పోరాట విరమణ జరిగేదాకా మూడేళ్ళు ఇలాగే గడిచాయి. రజాకార్ల పీడ విరగడైనందుకు సంతోషించిన మనిషే, చేతికొచ్చిన రెండెకరాలు పోయినందుకు దుఃఖించాడు. ఈ రెండూ ఒకే మనిషి అనుభవాలని ఒప్పుకోకపోవడం వల్లనే ఆ సెప్టెంబరు గురించి ఏటా జరిగే వాదం తెగడం లేదు. విమోచన, విలీనం అనే రెండు పేర్లలో ఏది పెట్టినా అతని అనుభవంలో సగం బయటే ఉండిపోతుంది.

అతని జీవితంలో రెండో మలుపు కాగితం రూపంలో వచ్చింది. 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం ‘రక్షిత కౌలుదారు’ అనే హోదాను ఏర్పరచింది. నిర్ణీత కాలంలో ఆరేళ్ళు తగ్గకుండా ఒకే భూమిని కౌలుకు చేసినవాణ్ణి పట్టాదారు తన ఇష్టానికి వెళ్ళగొట్టలేడనీ, భూమి అమ్మితే కొనే మొదటి హక్కు అతనిదేననీ దాని సారాంశం. చట్టం పేర్కొన్న ప్రధాన కాలవ్యవధి ఫసలీ 1342 నుంచి 1352 దాకా, అంటే దాదాపు 1932 నుంచి 1943 దాకా. ఆ కాలంలో తాను దున్నానని కౌలుదారు రుజువు చేసుకోవాలి. రుజువు పట్వారీ దఫ్తరులో ఉంటుంది. పట్వారీ, అంటే గ్రామ భూముల లెక్కలు రాసే వంశపారంపర్య ఉద్యోగి, చాలాచోట్ల దొరకు లోబడినవాడో బంధువో అయి ఉంటాడు. ఎ.ఎం. ఖుస్రో 1958లో ప్రచురించిన అధ్యయనం ఈ చట్టం కింద హక్కు పొందిన కౌలుదార్లలో చాలామంది బేదఖలు, అంటే భూమి నుంచి వెళ్ళగొట్టడం, వల్లనో, తామే వదులుకున్నట్టు రాసిచ్చిన కాగితాల వల్లనో భూమికి దూరమయ్యారని తేల్చింది. తామే వదులుకోవడం అన్న మాట వెనక ఎంత ఒత్తిడి ఉండేదో ఆ ఊళ్ళ వారికి విడమర్చి చెప్పనక్కరలేదు.

ఈ చట్టానికి తోడుగా 1954–55లో తయారైన ఖాస్రా పహాణీ ఈ ప్రాంతపు సామాన్య చరిత్రకు అన్నిటికన్నా విలువైన ఆధారమని చెప్పవలసి ఉంటుంది. పహాణీ అంటే ఒక్కొక్క సర్వే నంబరుకు విస్తీర్ణం, శిస్తు, పంట, నీటి ఆధారం వరుసగా రాసే ఏటేటి చిట్టా. ఖాస్రా పహాణీ ఆ ఏడు ప్రత్యేకంగా విచారించి, హక్కుల నమోదుకు పునాదిగా రాసినది. అందులో పట్టాదారు పేరుకు ఒక గడి, భూమిని నిజంగా అనుభవిస్తున్నవారి పేరుకు మరొక గడి ఉన్నాయి. తాతముత్తాతల కాలం నుంచి దున్నుతూ వచ్చినా ఏ సర్కారు కాగితంలోనూ కనబడని కుటుంబాలకు ఆ రెండో గడిలోనే తొలిసారి పేరు దొరికింది. డెబ్బై ఏళ్ళు గడిచినా సూర్యాపేట, మిర్యాలగూడ కోర్టుల్లో భూమి వ్యాజ్యం వేసినవారు ముందుగా వెతికేది ఆ పాత కాగితాన్నే. అందులో పేరు పడిన ఇల్లు రైతు ఇల్లయింది, పడని ఇల్లు కూలి ఇల్లుగానే మిగిలింది. పట్వారీ కలం చేసిన ఆ పంపకం 1948, 1956 తెచ్చిన మార్పుల కన్నా ఎక్కువ కాలం నిలిచింది.

1956 నవంబరు 1న రాష్ట్రం పేరు మారింది. పల్లెకు ఆ మార్పు మెల్లగా, నయా పైసలుగా, కిలోలుగా, కచేరీలో ఉర్దూ తగ్గి తెలుగు పెరగడంగా తెలిసివచ్చింది.

నీటి కథ దీనికి భిన్నం. ఈ ప్రాంతపు పాత వ్యవసాయం జొన్న, సజ్జ, కంది, ఆముదం మీద నడిచింది; నల్లగొండ ఆముదానికి పేరుపడిన జిల్లా. వరి చెరువు కిందనో, మోటబావి కిందనో కొద్దిపాటి మడుల్లో పండేది, వరి అన్నం పండగకో చుట్టం వచ్చినప్పుడో తినేవారు. 1963 నాటికి మూసీ మీద సోలిపేట దగ్గర ఆనకట్ట పూర్తయి సూర్యాపేట వైపు కొన్ని ఊళ్ళకు నీరిచ్చింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ నుంచి 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు. ఎడమ కాలువ, అంటే లాల్‌బహదూర్ కాలువ, మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాల మీదుగా ఖమ్మం వైపు సాగుతుంది. కాలువ నేల వాలును బట్టి నడుస్తుంది కాబట్టి దానికి దిగువన ఉన్న పొలానికి నీరు తనంతట తాను పారుతుంది, ఎగువన ఉన్న పొలానికి ఎక్కదు. ఒకే ఊరి భూముల మధ్య కాలువగట్టు గీసిన ఈ గీత, అన్నదమ్ముల పంపకాల్లో ఎవరికి ఏ చెక్క వచ్చిందన్న దాన్ని బట్టి, ఒకరిని రెండు పంటల రైతును, ఒకరిని మెట్ట రైతును చేసింది. కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి వరిసాగు తెలిసిన రైతులు వచ్చి కాలువ కింద భూములు కొన్నారు. నీళ్ళ విలువ ఇంకా తెలియని స్థానికులు తక్కువ ధరకే అమ్ముకున్న చోట్ల, ఒకప్పటి యజమాని తన పాత పొలంలోనే కూలికి పోయిన ఉదాహరణలు ఉన్నాయి. తెలంగాణ ఉద్యమం 1969లో రాజుకున్నప్పుడు ఈ జ్ఞాపకం మంటకు ఎగదోపు అయింది. మరోవైపు ఐ.ఆర్. 8 వంటి పొట్టి రకాలు, ఆ తరవాత బాపట్ల నుంచి 1986లో వచ్చిన సాంబమసూరి, కాలువ నీటితో కలిసి మిర్యాలగూడను రైస్‌మిల్లుల పట్టణంగా మార్చాయి. నాగు అప్పుకు గంపెడు జొన్నలు తెచ్చుకున్న మనిషి మనవడు సన్నవడ్ల లారీని మిల్లు ముందు వరసలో నిలబెట్టి తేమ శాతం గురించి తగవుపడుతున్నాడు; గింజ మీద హక్కు వచ్చింది, గింజ ధర మీద రాలేదు. కాలువ ఎక్కని తుంగతుర్తి, సూర్యాపేట మెట్ట ఊళ్ళు మాత్రం బోరుబావులు తవ్వి అప్పులపాలవుతూ గోదావరి నీళ్ళ కోసం మరికొన్ని దశాబ్దాలు ఎదురుచూశాయి. మిర్యాలగూడ కాలువకు దిగువన 1967 ఎంత పెద్ద సంవత్సరమో, స్వరాజ్యం పుట్టిన ఊరి చుట్టుపక్కల అది అంత మామూలు సంవత్సరం.

ఆడవారి విషయంలో ఈ లెక్క మరింత మారుతుంది. కాగితం మీద పేరు కొడుకుకు పడుతుంది, కాలువ వస్తే నాట్ల పని కోడలికి పెరుగుతుంది. మెట్టసాగులో ఏడాదికి కొద్ది నెలలు ఉండే కూలి, రెండు పంటల వరి వచ్చాక వానకాలం, యాసంగి రెండింటా బురదలో నడుము వంచి చేసే నాట్లుగా, కలుపుగా, కోతగా విస్తరించింది. చేతిలో డబ్బు ఆడినా, కూలి మగవారికన్నా తక్కువే. ఆస్తిలో ఆడపిల్లకు కొడుకుతో సమానమైన వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ 1985 సెప్టెంబరు నుంచి వర్తించింది. అప్పటికే పెళ్ళి చేసుకుని వెళ్ళిన ఆడపిల్లలకు అది వర్తించలేదు. అంటే 1930లలో పుట్టిన స్త్రీకి తన తరానికి సంబంధించినంతవరకు ఆ చట్టం రానట్టే. తుపాకీ పట్టి ‘రాజక్క’గా అడవుల్లో తిరిగిన స్వరాజ్యం, పోరాటం ముగిశాక సంసారంలోకి వచ్చి, 1978లోనూ 1983లోనూ తుంగతుర్తి నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు. ఆమెతోపాటు దళాలకు అన్నం వండి మోసిన స్త్రీలలో చాలామందికి తిరిగివెళ్ళిన ఇల్లే దక్కింది. పోరాటంలో సమానంగా ఉండి, పోరాటం తరవాత సమానత్వం ఎందుకు ఆగిపోయిందని వారిలో కొందరు అడిగిన ప్రశ్నకు ఇప్పటికీ సరైన జవాబు లేదు.

1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం పటేల్, పట్వారీ పదవులను రద్దుచేసింది. ఫసలీ లెక్కల నాటి నుంచి గ్రామాన్ని కాగితంతో ఏలిన వంశాధికారం ఆ రోజుతో పోయిందని చెప్పవచ్చు, రికార్డులు మాత్రం చాలాచోట్ల వారి ఇళ్ళలోనే ఉండిపోయాయి. 2014 జూన్ 2న తెలంగాణ వచ్చింది. 2016 అక్టోబరు 11న సూర్యాపేట వేరే జిల్లా అయి, కోదాడ దానిలోకి రాగా, మిర్యాలగూడ నల్లగొండలోనే ఉండిపోయింది. 2018 మే నెలలో మొదలైన రైతుబంధు అనే పెట్టుబడి సాయం ఎకరాకు పంటకు నాలుగు వేల రూపాయల చొప్పున పట్టాదారుకు అందించింది, కౌలుదారును లెక్కలోకి తీసుకోలేదు. 2020లో వచ్చిన ధరణి అనే ఆన్‌లైన్ భూరికార్డుల పద్ధతిలో భూమిని అనుభవిస్తున్నవారి పేరు రాసే గడి లేకుండాపోయింది. ఖాస్రా పహాణీ ఏ గడి ద్వారా దున్నేవాడికి ఉనికి ఇచ్చిందో ఆ గడే పోవడం, రికార్డులు సులభమయ్యాయన్న పేరుతో జరిగినా, సామాన్యుని వైపు నుంచి చూస్తే ఏడు దశాబ్దాల వెనకడుగు. ధరణి కాలపు కౌలు రైతు ఎరువుల దుకాణం అప్పు చీటీలో తప్ప మరే కాగితంలోనూ దాదాపు కనబడలేదు. అతని మీద రేపు ఎవరైనా ఇటువంటి ఉపన్యాసం రాయబోతే ఆధారం దొరకదు.

పోలీసు యాక్షన్ నాటికి పదేళ్ళు నిండినవారికి ఇప్పుడు తొంభై దగ్గరపడ్డాయి. వారి మాటలను రాసుకోవలసిన పని తొందరగా జరగాలి, అదీ ఉద్యమ కథల కోసం మాత్రమే కాక, నాగు ఏ ఏడు మానారు, మొదటి పట్టా పుస్తకం ఎవరి పేర వచ్చింది, కాలువ తూము ఏ పొలం దగ్గర ఆగింది, మొదటి యాసంగి వరికి నాటు కూలి ఎంత ఇచ్చారు వంటి ప్రశ్నలతో జరగాలి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ డిగ్రీ కళాశాలల విద్యార్థులకు ఈ ప్రశ్నలు అడగవలసిన అవ్వలు, తాతలు ఇంట్లోనో పక్క వీధిలోనో ఉన్నారు. వారు చెప్పినదాన్ని ఆ ఊరి 1954–55 ఖాస్రా పహాణీతో పక్కపక్కన పెట్టి, అనుభవదారు గడిలోని పేర్లు ఏ ఇళ్ళవో గుర్తుపట్టించి, అందులోకి ఎక్కని ఇళ్ళ పేర్లను కూడా వారి నోటనే రాయించుకుంటే, ఈ మూడు పట్టణాల చుట్టూ ఉన్న పల్లెలకు ఒక్కొక్కదానికి సొంత కాలపట్టిక తయారవుతుంది.